ఆన్‌సైట్ వెళ్లేవాళ్లకి ఇల్లు వెతకాలా? ముందు రాత్రులు లెక్కపెట్టండి

సోమవారం పొద్దున ప్రాజెక్ట్ మేనేజర్ ఫోన్ చేస్తాడు. "మనవాడికి వీసా వచ్చేసిందండీ, వచ్చే ఆదివారం ఫ్లైట్. అక్కడ ఏదో ఒక ఇల్లు చూసిపెట్టండి" అంటాడు. ఆ "ఏదో ఒక" అన్న మాటే తర్వాత కొంప ముంచుతుంది. మాదాపూర్‌లో ట్రావెల్ డెస్క్ పని, అంటే ఆన్‌సైట్ (విదేశంలోని క్లయింట్ దగ్గర పనికి) వెళ్లేవాళ్ల ప్రయాణం, బస ఏర్పాట్లు చూస్తూ ఇలాంటి ఫోన్లు ఎన్ని ఎత్తానో లెక్కలేదు. మీరు కొత్తగా ఈ పనిలోకి వచ్చి ఉంటే, లేదా చిన్న కంపెనీలో హెచ్‌ఆర్, అడ్మిన్, ట్రావెల్ అన్నీ మీ నెత్తిమీదే ఉంటే, ఏ వరుసలో వెళ్లాలో చెబుతాను.

మన ఊళ్లో ఇల్లు వెతకడం ఒక పద్ధతి. కొండాపూర్‌లో సందుకొక టు-లెట్ బోర్డు, వాచ్‌మన్‌తో రెండు మాటలు, బ్రోకర్‌కి ఒక నెల అద్దె, ఓనర్‌కి రెండు నెలల అడ్వాన్స్, మంచిరోజు చూసుకుని పాలు పొంగించడం. పరాయి దేశంలో మూడు నెలల మకాంకి ఇదేమీ పనికిరాదు. అక్కడ ఏ ఇంట్లో ఉండొచ్చు, ఏ ఇంట్లో ఉండకూడదు అనేది చాలావరకు తేల్చేది రాత్రుల లెక్కే. అద్దె సంగతి ఆ తర్వాత.

మొదటి పని: తేదీలు రాతలో తెప్పించుకోండి

మేనేజర్‌ని ముందు బడ్జెట్ అడగొద్దు. ఎన్ని రాత్రులు, పొడిగించే అవకాశం ఎంత, ఈ రెండూ అడగండి. "మహా అయితే నెలండీ" అంటే తల ఊపి ఊరుకోకండి. క్లయింట్‌తో చేసుకున్న ఒప్పందంలో ఏ తేదీలున్నాయో చూడండి. వీసాలో ఏమున్నాయో చూడండి. రెండూ కలవకపోతే మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. ఒకసారి జర్మనీలోని హానోవర్‌కి ఒకబ్బాయిని పంపాం. నాలుగు వారాలన్నారు, 28 రాత్రులకి బుక్ చేశాను. మూడో వారంలో "ఇంకో రెండు నెలలు ఉండాలి" అన్నారు. అది ఏప్రిల్. ఏటా హానోవర్‌లో పెద్ద పారిశ్రామిక ప్రదర్శన జరిగే కాలం. ఆ వారం ఊళ్లో గది దొరకడమే గగనం, దొరికినా రేటు వింటే కళ్లు తిరుగుతాయి. ఆ పిల్లాడు రెండు సూట్‌కేసులు, ఒక కుక్కర్ వేసుకుని మూడు చోట్లకి మారాడు. మూడోసారి మారేటప్పుడు నాకు ఫోన్ చేసి ఏమీ అనలేదు. "అక్కా, ఇంకో ఇల్లు ఉందా?" అని మాత్రం అడిగాడు. అప్పటినుంచి పొడిగింపు సంగతి తేలకుండా నేను బుకింగ్ ముట్టుకోను. ఊరి పండగల క్యాలెండర్ కూడా చూస్తాను. బార్సిలోనాలో ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మొబైల్ ఫోన్ల ప్రదర్శన, మ్యూనిక్‌లో సెప్టెంబర్ నుంచి ఆక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు పండగ. ఆ రోజుల్లో మీ బడ్జెట్ ఏ మూలకీ రాదు.

తేదీలు చేతికొచ్చాక, ఆ ఊళ్లో రాత్రుల లెక్కతో ముడిపడిన నిబంధన ఏదైనా ఉందేమో చూడండి. నాకు తరచూ తగిలేవి ఇవి.

న్యూయార్క్ నగరంలో 30 రోజుల లోపు మకాంకి, ఓనర్ అదే ఇంట్లో లేకుండా, మొత్తం ఫ్లాట్ అద్దెకివ్వడం కుదరదు. 2023 సెప్టెంబర్ నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. మూడు వారాల పనికి అక్కడ యాప్‌లో చవగ్గా ఫ్లాట్ కనిపిస్తే ఆశపడకండి, హోటలే తీసుకోండి. సింగపూర్‌లో ప్రైవేటు కండోమినియంకి (ప్రైవేటు అపార్ట్‌మెంట్‌కి) కనీసం మూడు నెలలు, ప్రభుత్వ గృహ సముదాయాల్లోని ఫ్లాట్లకి కనీసం ఆరు నెలలు. అంతకన్నా తక్కువైతే లైసెన్సున్న సర్వీస్డ్ అపార్ట్‌మెంటో (సామాను, హోటల్ తరహా సేవలతో అద్దెకిచ్చే ఫ్లాట్) హోటలో తప్ప దారి లేదు. లండన్‌లో ప్రత్యేక అనుమతి లేకుండా ఒక ఇంటిని ఏడాదికి 90 రాత్రులకు మించి స్వల్పకాలానికి ఇవ్వకూడదు. ఆ కోటా అయిపోయిన ఇల్లు మీకు అంటగడితే మధ్యలో ఖాళీ చేయమనే ప్రమాదం ఉంది.

లెక్క మనకి కలిసొచ్చే సందర్భాలూ ఉన్నాయి. టెక్సస్‌లో హోటల్ మీద రాష్ట్రం వేసే పన్ను 6 శాతం, దాని మీద ఊరి పన్ను వేరే. 30 రోజులు, ఆపైన ఏకబిగిన ఉంటామని మొదటిరోజే రాతపూర్వకంగా చెబితే ఆ పన్ను ఉండదు. చెప్పకపోతే మొదటి 30 రోజులకీ కట్టాల్సిందే. ఒక్క ఉత్తరం ముక్క! డాలస్, ఆస్టిన్ వైపు పంపేవాళ్లందరికీ నేను ఆ ఉత్తరం ముందే టైప్ చేసి ఇస్తాను. 28 రాత్రుల పని అయితే ఇంకో రెండు రాత్రులు కలిపితే మొత్తం బిల్లు తగ్గుతుందేమో లెక్కవేయండి, ఒక్కోసారి తగ్గుతుంది. బ్రిటన్‌లోనూ ఇలాంటిదే ఉంది. హోటల్ తరహా మకాం 28 రోజులు దాటితే 29వ రోజు నుంచి వ్యాట్ భారం బాగా దిగుతుంది. ఇన్‌వాయిస్‌లో అది దిగిందో లేదో మీరే చూసుకోవాలి.

ఇక పెద్ద గీతలు, అంటే నెలలు, ఏళ్ల లెక్కలో వచ్చే హద్దులు. అమెరికాలో పని ఏడాదికి మించుతుందని ముందే తెలిస్తే ఆదాయపు పన్ను లెక్కలో అది తాత్కాలికం కిందికి రాదు, కంపెనీ కట్టే ఇంటి అద్దె ఉద్యోగి ఆదాయంలో కలుస్తుంది. బ్రిటన్‌లో ఆ గీత 24 నెలలు. ఇది మీరూ నేనూ తేల్చేది కాదు, పన్నుల వాళ్లకి ముందే మెయిల్ పెట్టండి. ఉద్యోగి అక్కడికెళ్లాక జీతంలో కోత చూసి లబోదిబోమంటే మీ దగ్గర జవాబు ఉండదు.

రెండో పని: వెళ్లే మనిషితో పది నిమిషాలు మాట్లాడండి

ఫారం పంపి నింపమనకండి. ఫోన్ చేయండి. ఫారంలో అందరూ "ఏదైనా పర్లేదు" అని రాస్తారు. ఫోన్‌లో అయితే అసలు సంగతి బయటపడుతుంది. "మా ఆవిడ రెండో నెలలో వస్తుందండీ", "నేను కారు నడపను", "ఇంట్లో మాంసం వండేవాళ్లతో షేరింగ్ నావల్ల కాదు". వీటిలో ఏ ఒక్కటైనా ఇంటి ఎంపికని మార్చేస్తుంది. భార్య వస్తుందంటే ఒప్పందంలో ఇద్దరి పేర్లు ఉండాలి. కారు నడపని మనిషిని అమెరికా శివారు ఊళ్లో పెడితే పాల ప్యాకెట్‌కి కూడా క్యాబ్ ఎక్కాలి.

వంట గురించి విడిగా చెప్పాలి. ఎందుకంటే ఫిర్యాదుల్లో సగం అక్కడినుంచే వస్తాయి. మనవాళ్లు పది రోజులు శాండ్‌విచ్‌తో సర్దుకుంటారు, పదకొండో రోజు పప్పుచారు కావాలి. కిచెన్ ఉందా అని అడిగితే అందరూ ఉందంటారు, అది చాలదు. పొయ్యి ఎన్ని బర్నర్లు, గ్యాసా ఇండక్షనా, వేడిగాలి బయటికి పోయే చిమ్నీ ఉందా అని అడగండి. మైక్రోవేవ్, కెటిల్ పెట్టేసి దాన్నే కిచెనెట్ అనే వాళ్లున్నారు. ఇండక్షన్ అయితే ఇంట్లోని పాత అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు, అడుగు ఇండక్షన్‌ది ఉండాలి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు కాబట్టి ఇక్కడి 230 వోల్టుల మిక్సీ అక్కడ తిరగదు, సూట్‌కేసులో మూడు కిలోల బరువు వృథా. అన్నిటికన్నా ముఖ్యం పొగ అలారం. ఎండుమిర్చి పోపు వేయగానే మోగుతుంది, కొన్ని భవనాల్లో అగ్నిమాపక సిబ్బంది కూడా వచ్చేస్తారు. అనవసరంగా పిలిపించినందుకు బిల్లు వేసే చోట్లూ ఉన్నాయి. ఫ్యాన్ వేసి, కిటికీ తీసి, ఆ తర్వాతే పోపు అని మొదటి మెయిల్‌లోనే రాయండి. అలారం మీద ప్లాస్టిక్ కవర్ కట్టేయాలన్న తెలివితేటలు ప్రదర్శించొద్దని కూడా రాయండి. ఒకరు చేశారు, అందుకే చెబుతున్నాను.

షేరింగ్ విషయంలో నా అభిప్రాయం కచ్చితం. పెద్ద ఫ్లాట్‌లో ఇద్దరికి రెండు పడకగదులు, రెండు బాత్‌రూములు ఉంటే షేరింగ్ మంచిదే, తోడు ఉంటుంది. ఒకే గదిలో రెండు మంచాలు వేసి మూడు నెలలు ఉండమనడం మాత్రం తప్పు. నైట్ షిఫ్ట్ వాడు ఒకడు, పొద్దున కాల్స్ వాడు ఒకడు. రెండో నెలకి ఆ ప్రాజెక్ట్‌లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

మూడో పని: ఎక్కడ వెతకాలి

రెండు వారాల లోపు అయితే హోటల్, ఇంకేం ఆలోచించకండి. రెండు వారాల నుంచి నెలన్నర దాకా వంటగది ఉన్న లాంగ్-స్టే హోటళ్లు బాగుంటాయి. అమెరికాలో రెసిడెన్స్ ఇన్, హోమ్‌వుడ్ సూట్స్, స్టేబ్రిడ్జ్, యూరప్‌లో సిటాడీన్స్, అడాజియో లాంటివి. నెల నుంచి ఆరు నెలల దాకా కార్పొరేట్ హౌసింగ్, అంటే సామానుతో సహా కంపెనీలకే అద్దెకిచ్చే ఫ్లాట్లు. ఆరు నెలలు దాటితే మామూలు లీజు గురించి ఆలోచించొచ్చు.

వెతకడం మొదలుపెట్టేది గూగుల్‌లో కాదు, క్లయింట్ ఆఫీసులో. అక్కడి హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెడితే, వాళ్లు తమ అతిథులకి వాడే చోట్లు, తమకున్న కార్పొరేట్ రేటు చెబుతారు. మొహమాటపడకండి, చాలామంది సంతోషంగా ఇస్తారు. తర్వాత ఇంతకుముందు ఆ ఊరెళ్లొచ్చిన మన ఉద్యోగులు. ఆ తర్వాతే వెండర్లు. కార్పొరేట్ హౌసింగ్ సంస్థలకి అమెరికా కేంద్రంగా సీహెచ్‌పీఏ, బ్రిటన్‌లో ఏఎస్‌ఏపీ అనే సంఘాలున్నాయి. వాటి సభ్యుల జాబితాలోంచి ముగ్గురికి ఒకే మెయిల్ పెట్టండి.

"డబ్బులిచ్చేయండి, నేనే చూసుకుంటా" అనేవాళ్లు ఉంటారు. అమెరికాలోని ఎడిసన్‌లో బాబాయి కొడుకున్నాడనో, ఇర్వింగ్‌లో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో గది దొరికిందనో. చుట్టాలింట్లో ఉంటే అభ్యంతరం లేదు, అడ్రస్ మాత్రం తీసుకోండి. గ్రూపులో దొరికిన గది అయితే, దాన్ని ఇచ్చేవాడికి లీజు ప్రకారం ఇంకొకరికి ఇచ్చే హక్కు ఉందో లేదో అడగండి. చాలాసార్లు ఉండదు. అర్ధరాత్రి ఓనర్ వచ్చి తలుపు కొడితే ఫోన్ మోగేది మీకే.

ఇంటి వివరాలు చదివేటప్పుడు మన భాషలోకి మార్చుకోకండి. జర్మనీలో టూ-రూమ్ ఫ్లాట్ అంటే టూ-బీహెచ్‌కే కాదు. హాలుతో కలిపి రెండు గదులు, అంటే మన వన్-బీహెచ్‌కే. చదరపు మీటరు అంటే దాదాపు 10.76 చదరపు అడుగులు, కాబట్టి 40 చదరపు మీటర్ల ఫ్లాట్ 430 అడుగులు. అందులో కామన్ ఏరియా కలపరు, అది నయం. ఆమ్‌స్టర్‌డామ్ పాత ఇళ్లలో మూడో అంతస్తు అంటే నిచ్చెనలాంటి మెట్లు. లిఫ్ట్ సంగతి అడిగి తెలుసుకోండి.

నాలుగో పని: కొటేషన్లని ఒకే తూకంలో వేయండి

ఒకరు రాత్రికి ఇంత అంటారు, ఒకరు నెలకి ఇంత అంటారు, ఇంకొకరు "చల్లని అద్దె" అంటారు. నిజంగానే! జర్మనీలో కరెంటు, హీటింగ్, నీళ్లు కలపని అద్దెని చల్లనిదంటారు, కొన్ని ఖర్చులు కలిపితే వెచ్చనిది. అందుకే ప్రతి కొటేషన్‌నీ మొత్తం మకాంకి, పన్నులతో సహా, జేబులోంచి పోయే మొత్తంగా మార్చుకోండి.

ఉదాహరణకి 75 రాత్రులు అనుకుందాం. అన్నీ కలిపి రాత్రికి 95 యూరోల సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ అయితే 7,125. నెలకి 1,900 యూరోల ఫ్లాట్ చాలా చవగ్గా కనిపిస్తుంది. కానీ దానికి కనీసం మూడు నెలలు, అంటే 5,700. నెలకి 300 చొప్పున ఖర్చులు 900. ఖాళీ చేసేటప్పుడు క్లీనింగ్ 250. మొత్తం 6,850. తేడా 275 యూరోలు. దానికోసం మూడు నెలల అద్దె డిపాజిట్‌గా, 5,700 యూరోలు ఇరుక్కుంటాయి. వైఫై పోతే ఎవరికి చెప్పాలో తెలియని ఇల్లు. ఆ 275 నేను వదులుకుంటాను. ఆరు నెలల మకాం అయితే నా జవాబు వేరేలా ఉంటుంది.

ఐదో పని: ఒప్పందం ఎవరి పేరు మీద?

దీన్ని చాలామంది పట్టించుకోరు. కంపెనీ పేరు మీద తీసుకుంటే ఒకరు తిరిగొచ్చాక ఇంకొకరిని పంపొచ్చు, డిపాజిట్ కంపెనీదే. కానీ అద్దెదారుడికి చట్టం ఇచ్చే రక్షణ కొంత పోతుంది. ఇంగ్లండ్‌లో వ్యక్తి పేరున మామూలు లీజు అయితే, ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉన్నప్పుడు, డిపాజిట్ ఐదు వారాల అద్దెకి మించకూడదు. కంపెనీ పేరున తీసుకున్న ఇంటికి ఆ పరిమితి వర్తించదు. జర్మనీలో డిపాజిట్‌కి పైకప్పు మూడు నెలల చల్లని అద్దె, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. దుబాయ్‌లో ఏడాది లీజుకి రాబోయే తేదీలు వేసిన (పోస్ట్-డేటెడ్) చెక్కులు అడగడం మామూలు, కాబట్టి అక్కడ తాత్కాలిక పనికి నెలవారీ ఫర్నిష్డ్ ఫ్లాటే సుఖం.

సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలకి జవాబు రాతలో రావాలి. వీసా ఆలస్యమైతే లేదా రాకపోతే ఎంత కోత? మనిషి మారితే అదే ఇల్లు కొనసాగుతుందా? పొడిగించాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అదే రేటా? ముందే ఖాళీ చేస్తే ఎన్ని రోజుల నోటీసు? సింగపూర్‌లో పెద్ద లీజులకి డిప్లొమాటిక్ క్లాజ్ అని ఒకటి పెట్టుకుంటారు. ఉద్యోగి దేశం వదలాల్సి వస్తే, సాధారణంగా ఏడాది గడిచాక, రెండు నెలల నోటీసుతో బయటపడొచ్చు. అడగకపోతే పెట్టరు. "ఈ ఇల్లు, లేదా దీనికి సమానమైనది" అన్న వాక్యం కనిపిస్తే ఆగండి. సమానం అంటే ఆఫీసుకి ఎంత దూరంలోపు, వంటగది ఉంటుందా, అది కూడా రాయించండి.

అడ్రస్ రిజిస్ట్రేషన్ ఇంకో చిక్కు. జర్మనీలో మూడు నెలలు దాటే మకాం అయితే ఇల్లు చేరిన రెండు వారాల్లో పురపాలక కార్యాలయంలో అడ్రస్ నమోదు చేసుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. నెదర్లాండ్స్‌లో నాలుగు నెలలు దాటితే వచ్చిన ఐదు రోజుల్లోపే. జపాన్‌లో రెసిడెన్స్ కార్డు ఉన్నవాళ్లకి 14 రోజులు. కొన్ని ఫ్లాట్లవాళ్లు "ఇక్కడ రిజిస్ట్రేషన్ కుదరదు" అంటారు. ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి. రిజిస్ట్రేషన్ లేకపోతే అక్కడ పన్ను నంబరు దగ్గర్నుంచి బ్యాంకు ఖాతా దాకా ప్రతిదీ ఇబ్బందే.

ఆరో పని: ఆ ఇల్లు నిజంగా ఉందా?

ఓనర్ వేరే దేశంలో ఉన్నాడట, మీరు డబ్బు వేస్తే తాళాలు కొరియర్‌లో పంపుతాడట. ఈ కథ వినగానే ఫోన్ పెట్టేయండి. ఫొటోలని ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే అవే ఫొటోలు ఇంకో ఊళ్లో ఇంకో పేరుతో కనిపిస్తాయి. అనుమానం ఉంటే లైవ్ వీడియో కాల్ అడగండి, కుళాయి తిప్పమనండి, కిటికీలోంచి వీధి చూపించమనండి. బ్రిటన్ సంస్థ అయితే కంపెనీస్ హౌస్ సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. జర్మన్ సంస్థల వెబ్‌సైట్‌లో ఇంప్రెసుమ్ అనే పేజీలో చిరునామా, బాధ్యుల పేరు చట్టప్రకారం ఉండాలి. డబ్బు మాత్రం ఒప్పందంలో ఉన్న సంస్థ పేరున్న ఖాతాకే వెళ్లాలి, ఇంకెవరి ఖాతాకీ కాదు.

ఇక్కడినుంచి డబ్బు పంపడానికి ఒక వారం పెట్టుకోండి. బ్యాంకు ఇన్‌వాయిస్, ఒప్పందం అడుగుతుంది. టీడీఎస్ వర్తిస్తుందా లేదా అనేది చార్టర్డ్ అకౌంటెంట్ తేల్చాలి. శుక్రవారం సాయంత్రం ఫైల్ పట్టుకుని ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి వెళ్తే ఏమంటారో మీకు తెలుసు.

ఏడో పని: దిగే రోజు

శంషాబాద్‌లో రాత్రి ఎక్కితే యూరప్‌లో చాలా విమానాలు పొద్దున్నే దింపేస్తాయి. చెక్-ఇన్ మధ్యాహ్నం మూడింటికి. ఆరు గంటలు మనిషి సూట్‌కేసుల మీద కూర్చోవాలా? ముందు రాత్రి కూడా బుక్ చేయండి, లేదా ఎర్లీ చెక్-ఇన్ రాతలో తీసుకోండి. ఆదివారం జర్మనీలో దిగితే సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి. రైల్వే స్టేషన్లలో ఒకటో రెండో దొరుకుతాయి అంతే. అందుకే కుదిరితే శనివారం పొద్దున చేరేలా టికెట్ వేయించండి. తాళం ఎలా తీసుకోవాలి, కోడ్ పనిచేయకపోతే రాత్రి ఎవరు ఫోన్ ఎత్తుతారు, ఇవి ఒక పేజీలో ప్రింట్ తీసి ఇవ్వండి. విమానం దిగగానే సిమ్ పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఇంటికి చేరగానే గోడలు, సోఫా, కార్పెట్, పొయ్యి అన్నీ తేదీతో ఫొటోలు తీసి మీకు మెయిల్ చేయమనండి. అమెరికాలో మధ్యలో ఇల్లు మారితే 10 రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖకి ఏఆర్-11 ఫారంలో కొత్త అడ్రస్ ఇవ్వాలని గుర్తుచేయండి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక గడువుకి నెల ముందు మేనేజర్‌కి మీరే ఫోన్ చేయండి, ఆయన చేసేదాకా ఆగొద్దు. పొడిగింపు ఉంటే ఆ రోజే ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకి చెప్పాలి. లేకపోతే నోటీసు అదే రోజు వెళ్లాలి. ఖాళీ చేసే ముందు పొయ్యి వెనక గోడ మీద పసుపు మరకలు తుడిపించండి, డిపాజిట్‌లో కోతకి మనవాళ్లు ఉన్న ఇళ్లలో అదే మొదటి కారణం. జర్మనీలో అడ్రస్ నమోదు చేసుకున్నవాళ్లు దేశం వదిలేటప్పుడు దాన్ని రద్దు చేయించుకోవాలి, ఆ కాగితం ఒక కాపీ మీ ఫైల్లో ఉండాలి. డిపాజిట్ ఉద్యోగి పేరున కట్టి ఉంటే అది తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మనవాళ్లు తిరుగు ప్రయాణం హడావిడిలో అక్కడి బ్యాంకు ఖాతా మూసేసి వస్తారు, డబ్బు ఎక్కడికి వేయాలో తెలియక ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఊరుకుంటారు. డిపాజిట్ పడ్డాకే ఖాతా మూయమని, విమానం ఎక్కే ముందు ఇంకోసారి ఫోన్ చేసి చెప్పండి.